కొబ్బరి గోతిలో రాతి గొడ్డలి

మా కోనసీమలో రాయి లేదు. బాధతో చెప్పడం లేదు, గర్వంతోనూ చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుమట్టి, సముద్రం వెనక్కి జరుగుతూ వదిలేసిన ఇసుక, ఈ రెండే మా నేల. కుక్కని అదిలించాలన్నా మట్టిబెడ్డో కొబ్బరి డొక్కో వెతుక్కోవాలి. రోలు, సన్నికల్లు, గుమ్మం ముందు మెట్టు, రోడ్డు మీద కంకర, అన్నీ ఒకప్పుడు పడవల్లోనో, తర్వాత జొన్నాడ మీదుగా లారీల్లోనో వచ్చినవే. అలాంటి చోట రాతియుగపు పనిముట్లు వెతికి డాక్టరేట్ పుచ్చుకుందామని బయల్దేరిన మనిషిని నేను.

నా తెలివితేటల మీద మీకు అనుమానం రావచ్చు. అందులో సగం మా గైడుగారి వాటా. ఆయన వయసులో ఉండగా ఒక వేసవి ఎవరో విదేశీయుల బృందంతో కలిసి ఉత్తర ధ్రువం దాపుల్లో రాతి పనిముట్ల సర్వేకి వెళ్ళివచ్చారు. ఆ ఒక్క వేసవితో జీవితమంతా గడిపేశారు. ఏ పాఠం మొదలుపెట్టినా మంచు దగ్గరికి వెళ్ళి తేలేవారు. విశాఖపట్నంలో మే నెలలో, ఫ్యాను కూడా తిరగని గదిలో, ఆయన స్లైడ్లు వేసి చూపిస్తుంటే మేం చెమటలు తుడుచుకుంటూ చలిని గురించి నోట్సు రాసుకునేవాళ్ళం.

ఆ స్లైడ్లలో ఒకటి మాత్రం నాకు నిజంగా నచ్చింది. సముద్రం ఒడ్డు నుంచి కొండ మీదకి మెట్లు మెట్లుగా గులకరాళ్ళ దిబ్బలు. ఒకప్పుడు ఆ నేల మీద కొండంత మంచు ఉండేదట. అది కరిగాక, బరువు దిగిపోయి, నేల కొద్దికొద్దిగా పైకి లేచిందట. అంటే ఆ మెట్లన్నీ ఒకప్పటి సముద్రపు ఒడ్లే. వేటగాళ్ళు ఎప్పుడూ ఒడ్డునే బతికారు కాబట్టి, ఎంత పై మెట్టు మీద రాతి పనిముట్టు దొరికితే అది అంత పాతదన్నమాట. అక్కడ కష్టమల్లా ఒకటే. ఎటు చూసినా రాళ్ళే. చలికి అవే పగిలిపోతాయి. లక్ష ముక్కల్లో మనిషి చేత్తో పగలగొట్టిన ముక్క ఏదో తేల్చుకోవాలి.

ఆయన ఒకరోజు నన్ను మీ ఊరివైపు సముద్రం వెనక్కి వెళుతోందా అని అడిగారు. వెళుతోందండి అన్నాను. పాత ఒడ్లు మిగిలాయా అన్నారు. మెరకలున్నాయండి, ఇసుక దిబ్బలు, అన్నీ కొబ్బరి తోటలే అన్నాను. ఆయన బల్ల మీద చరిచారు. ధ్రువం దగ్గర తను పడ్డ కష్టం నాకు ఉండదన్నారు. "మీ నేలలో రాయి పుట్టదు. కాబట్టి అక్కడ రాయి కనిపించిందంటే మనిషి తెచ్చిందే. ఆ మనిషి ఎప్పటివాడో తేల్చడమే నీ పని" అన్నారు. ఆ మాట నోట్‌బుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. ఇంట్లో వంట చేస్తూ కూడా మంత్రంలా అనుకునేదాన్ని. వినేవాళ్ళు ఒకరు ఉన్నారని అప్పుడు పట్టించుకోలేదు.

ఆ వినే మనిషి మా అత్తగారు. మా ఆయన మస్కట్‌లో ఉండేవారు, అమలాపురం ఇంట్లో మేమిద్దరమే. నేను ఒక కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. అది తాత్కాలికపు ఉద్యోగం. డాక్టరేట్ వస్తే పర్మనెంటు చేస్తామని, రాకపోతే వచ్చే ఏడు మీ దారి మీదేనని ప్రిన్సిపాల్‌గారు చాలా మర్యాదగా చెప్పారు. యూనివర్సిటీవాళ్ళు గడువు ఒకసారి పొడిగించారు, రెండోసారీ పొడిగించారు, ఇక ఇదే ఆఖరన్నారు. ఈ సంగతంతా నాకంటే మా అత్తగారికి బాగా గుర్తుండేది. ఆవిడ చదివింది అయిదో తరగతి. కోడలు డాక్టరవుతోందని వీధిలో అప్పటికే చెప్పేశారు. మోకాళ్ళ నొప్పులకి మందేమిటని నన్ను అడగడానికి ఇద్దరు ముగ్గురు వచ్చి వెళ్ళారు కూడా.

పరాయివాళ్ళ తోటల్లో ఆడమనిషి ఒక్కతీ తలొంచుకుని తిరిగితే ఊరు ఊరుకోదు. అందుకని ఆవిడ నా వెంట వచ్చేవారు. ధ్రువం దగ్గర ఎలుగుబంట్ల భయానికి తుపాకీ పట్టుకున్న మనిషి ఒకడు ఎప్పుడూ వెంట ఉండేవాడని గైడుగారు చెప్పేవారు. నాకు అత్తగారు, ఆవిడ చేతిలో గొడుగు. మా ప్రమాదం పైనుంచి రాలే కొబ్బరికాయ. మెరక పొడుగునా తాడు కట్టి, అయిదడుగుల ఎడంగా ఇద్దరం నడుస్తూ, కనపడ్డ ప్రతి రాయినీ ఏరి, ఎక్కడ దొరికిందో రాసి, సంచిలో వేసేవాళ్ళం. నాకంటే ఆవిడ కళ్ళు చురుకు. బియ్యంలో మట్టిబెడ్డలు ఏరిన చెయ్యి కదా.

రాజోలు వైపు మొదలుపెట్టి ముమ్మిడివరం వైపు దాకా రెండేళ్ళు నడిచాం. మాకు దొరికినవి చెబుతాను. రోడ్డు కంకర. విరిగిన సన్నికల్లు. మళ్ళీ రోడ్డు కంకర. ఎవరో దుబాయ్ డబ్బుతో కట్టుకున్న ఇంటి తాలూకు పాలరాతి ముక్క. ఒకచోట నున్నటి నల్లరాయి దొరికితే నా గుండె ఆగినంత పనయింది. అది తక్కెడలో వేసే అరకిలో రాయి అని తోటాయన వచ్చి పట్టుకెళ్ళాడు. ఎనిమిదేళ్ళుగా వెతుకుతున్నాడట, ఎంతో సంతోషించాడు.

తొంభై ఆరు తుఫాను ఈ పనికి కలిసొచ్చింది. ఈ వాక్యం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ అలాగే జరిగింది. చెట్లు వేళ్ళతో సహా కూలిపోయి, ప్రతి తోటలోనూ నిలువెత్తు గోతులు పడ్డాయి. కూలి పెట్టి తవ్వించలేని నాకు దేవుడే తవ్వి పెట్టినట్టయింది. ఏడుస్తున్న రైతుల దగ్గరికి వెళ్ళి, మీ గోతిలో ఒకసారి దిగి చూస్తానండి అని అడిగేదాన్ని. ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. "ఆయ్, చూసుకోండమ్మా, చెట్టెలాగూ పోయింది కదా" అనేవారు. నేను దిగి ఇసుక పొరలు కొలుచుకుంటుంటే పైన మా అత్తగారు వాళ్ళ కష్టసుఖాలు వినేవారు. కనీసం ఒకరైనా మనిషిలా ఉన్నారు.

మరుసటి వేసవికి గోతులు కూడా అయిపోవచ్చాయి. గడువు నాలుగు నెలలు ఉంది. ఒక సాయంత్రం వంటింట్లో పీట మీద కూర్చుని, రెండేళ్ళు కంకర ఏరాను, నా మొహానికి డాక్టరేట్ ఒకటా అని ఏడ్చాను. మా అత్తగారు కూరలో ఉప్పు చూసి దింపేశారు. ఆ వారంలోనే తమ్ముడి మనవడి అన్నప్రాసన అంటూ పుట్టింటికి వెళ్ళారు. ఆవిడ పుట్టిల్లు మెట్టలో, కొండల కింద. మూడు రోజులుండి ఒక పనసకాయ, ఒక గుడ్డసంచి తెచ్చుకున్నారు.

తర్వాతి ఆదివారం ముమ్మిడివరం దగ్గర ఒక తోటకి వెళ్ళాం. అంతకుముందే చూసిన తోట. చూసేశాం కదండీ అంటే, ఆ మూల గోయి సరిగా చూడలేదేమో అన్నారు ఆవిడ. దిగాను. మోకాలి ఎత్తున, గోయి పక్కగోడలో, ఇసుకలోంచి నల్లగా మొన ఒకటి కనిపించింది. చుట్టూ వేళ్ళతో తీసి లాగితే చేతిలోకి వచ్చింది. జానెడు పొడుగు, నల్లటి పచ్చరంగు, ఒక కొస సన్నంగా అరగదీసిన అంచు. రాతి గొడ్డలి. పుస్తకంలో బొమ్మ చూసి ఎవరో చేసినట్టు ఉంది.

ఆ రాయిని మొహం దగ్గరికి తీసుకుని చూశాను. ఆముదం వాసన వేసింది. సన్నటి గుంటల్లో పసుపు గీతలు ఉన్నాయి. రాతియుగం మనిషి ఆముదం రాసుకున్నాడో లేదో నాకు తెలీదు కానీ, గొడ్డలికి పసుపు పూసి ఇసుకలో దాచుకోడని తెలుసు. పైకి చూశాను. మా అత్తగారు తోటలో బోరింగు పక్కన నిలబడి ఉన్నారు. "మట్టయ్యుంటుంది, కడుక్కుంటావా?" అన్నారు. ఎక్కి వెళ్ళాను. ఆవిడ బోరింగు కొట్టారు, నేను బొటనవేలితో రుద్దిరుద్ది కడిగాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తర్వాత గోతిలోకి మళ్ళీ దిగి, టేపు పెట్టి లోతు కొలిచి, నోట్‌బుక్కులో రాసుకున్నాను. రాసిన ప్రతి ముక్కా నిజమే. రాయనిది ఒక్కటే.

తర్వాత రెండ్రోజులకి రాయిని పట్టుకుని విశాఖపట్నం వెళ్ళాను. మా గైడుగారు దాన్ని చేతిలోకి తీసుకుని, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు. డెల్టాలో నవీన శిలాయుగం, పాత సముద్రపు ఒడ్డు మీద, కొలిచిన లోతులో. ఆయన ఆ వేసవి నుంచి పాతికేళ్ళు ఎదురుచూసిన సంగతి ఇదేనేమో, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకు అప్పుడు నోరు పెగలవలసింది. పెగల్లేదు. ఒక్క రాయితో సరిపోదు, ఆ గోతిని ఆనుకుని కందకం తవ్వుదాం, నేనే వస్తాను అన్నారు. సరేనండి అన్నాను.

ఆయన ఒక జీపులో, ఒక శిష్యుణ్ణి, తాళ్ళు, మేకులు, జల్లెళ్ళు వేసుకుని ఒక ఉదయం తోటలో దిగారు. కందకం గీత గీశారు. గీత సరిగ్గా నాలుగు కొబ్బరిచెట్ల మీదుగా వెళ్ళింది. ఆ తోట ఎనభై చెట్ల తోట. తుఫాను తర్వాత నిలబడినవి పదకొండు. ఈ నాలుగూ ఆ పదకొండులోవి. చెట్లు అడ్డం, కొట్టాల్సి వస్తుంది, మీకేమైనా అభ్యంతరమా అని గైడుగారు తోట రైతుని అడిగారు. మా వైపు మనిషిని అలా అడగకూడదు. మొహమాటం కొద్దీ ఇల్లు కూడా రాసిచ్చేస్తారు. ఆయన చెట్ల వైపు ఒకసారి చూసి, "ఆయ్, దానికేముందండి. సార్లు అంత దూరం నుంచి వచ్చేరు, కొట్టించేయండి" అన్నాడు. అని, తనే వెళ్ళి గొడ్డలి పట్టుకున్న మనిషిని పిలుచుకొచ్చాడు.

ఆ చెట్లకి పిందెలున్నాయి. నాకు కనిపిస్తూనే ఉన్నాయి. నేను నోట్‌బుక్కు పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట చెబితే ఆగిపోతుంది, చెబితే నా ఉద్యోగమూ ఆగిపోతుంది. రెండూ తెలిసి, కిక్కురుమనకుండా నిలబడ్డాను. గొడ్డలి మనిషి పంచె ఎగ్గట్టుకుని మొదటి చెట్టు దగ్గరికి నడిచాడు.

మా అత్తగారు అందరికీ పులిహోర తెచ్చి, క్యారేజీ పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నారు. లేచి వచ్చారు.

"ఆగండి బాబూ. ఆ రాయి నేను తెచ్చి పెట్టేనండి."

గైడుగారికి అర్థం కాలేదు. ఏ రాయి అన్నారు. ఆవిడ చేత్తో గోయి చూపించారు.

"ఇక్కడ రాయి కనపడిందంటే మనిషి తెచ్చిందే అని మీరే చెప్పేరంట కదండీ. మా అమ్మాయి రోజూ చదివేది. పాపం రెండేళ్ళు తిరిగింది. తెచ్చేవాళ్ళు లేక పని ఆగిపోయిందేమో అనుకున్నాను. మా పుట్టింటి వైపు ఉంటాయండి ఇలాంటివి. ఒకటి తెచ్చి పెట్టేను. దానికోసం ఈయన చెట్లు కొడతారనుకోలేదండి."

ఆవిడ తప్పు ఒప్పుకుంటున్నట్టు కాదు, బజారు నుంచి ఏదో మర్చిపోయిన సరుకు తెచ్చినట్టే చెప్పారు. మా నేల మీద పుట్టి పెరిగినవాళ్ళకీ, ఈ నేలకి కోడలుగా వచ్చి నలభై ఏళ్ళున్నవాళ్ళకీ, రాయంటే ఎవరో ఎక్కడినుంచో తెచ్చి పెట్టేదే. రోలు అలాగే వచ్చింది, మెట్టు అలాగే వచ్చింది. చదువుకి కావలసిన రాయి మాత్రం ఇంకెలా వస్తుంది?

గైడుగారు కూలిన చెట్టు మొద్దు మీద కూర్చున్నారు. శిష్యుడు జల్లెడ కింద పెట్టేశాడు. కాసేపటికి గైడుగారు నా వైపు తిరిగి, "నీకు తెలుసా అమ్మా ఈ సంగతి?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా మా అత్తగారే అందుకున్నారు. "దానికేం తెలీదండి. ఎవరికీ చెప్పకుండా నేనే పెట్టేను." ఆయన ఆవిడ మాట విన్నారు కానీ చూపు నా మీంచి తియ్యలేదు. నా జవాబు కోసం ఆగారు.

"తెలీదండి" అన్నాను.

మా అత్తగారు క్యారేజీ మూత సర్దుకున్నారు. తోటాయన, అయితే చెట్లు కొట్టక్కర్లేదాండి అని మెల్లిగా అడిగి, అక్కర్లేదన్నాక, గొడ్డలి మనిషిచేత బొండాలు కొట్టించి అందరికీ ఇచ్చాడు. నేను కూడా తాగాను.

బొండం సగం తాగి గైడుగారు ఒక్క ప్రశ్న వేశారు. మీ పుట్టింటి దగ్గర ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని. గుట్టగా ఉన్నాయండి అన్నారు మా అత్తగారు. చేలు దున్నితే బయటపడతాయి, పిడుగు పడ్డప్పుడు ఆకాశంలోంచి దిగుతాయంటారు, అమ్మవారి గుడి వెనక వేపచెట్టు మొదట్లో పెట్టి పసుపు, ఆముదం రాస్తారు. ఆయన బొండం కింద పడేసి జీపెక్కారు. మమ్మల్నీ ఎక్కించారు. ఆ సాయంత్రం ఆ గుట్ట ముందు నిలబడి ఆయన చిన్నపిల్లాడిలా ఒక్కొక్క రాయినీ లెక్కపెట్టారు. నా గొడ్డలిని తిరిగి దాని చోట పెట్టేశాం. మా అత్తగారు ఆముదం రాసి, పసుపు పెట్టి, అమ్మవారి ముందు లెంపలు వేసుకున్నారు. పక్కన నేను ఊరికే నిలబడ్డాను.

నా తప్పు లేదని నమ్మారు కాబట్టి గైడుగారు నన్ను వదిలెయ్యలేదు. నా కోసం ఎవరెవరికో ఉత్తరాలు రాసి గడువు ఇప్పించారు, అంశం మార్పించారు. తర్వాత మూడేళ్ళు ఆ కొండల కింది ఊళ్ళలో గుళ్ళ వెనకున్న గొడ్డళ్ళన్నిటినీ కొలిచి, బొమ్మలు గీసి రాశాను. ప్రతి ఊళ్ళోనూ అమ్మవారి రాయి ముట్టుకోనిచ్చేలా ఒప్పించింది మా అత్తగారే. వరసలు కలిపి, పెద్దవాళ్ళకి పొగాకు ఇచ్చి కూర్చోబెట్టేవారు. పని బాగా వచ్చింది. ఆ మాట నేను చెప్పుకోవచ్చు, ఎందుకంటే అందులో గోతిలో దొరికింది ఏదీ లేదు.

మౌఖిక పరీక్ష రోజున ఆవిడ పట్టుచీర కట్టుకుని విశాఖపట్నం వచ్చి, హాల్లో ఆఖరి వరసలో కూర్చున్నారు. గైడుగారు నన్ను పరిచయం చేస్తూ ఈ పని ఎలా మొదలైందో చెప్పారు. గోయి, రాయి, బొండాలు, అన్నీ. బాగా చెబుతారాయన. హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. "అదిగో, రాయి పెట్టినావిడ వచ్చారు" అని వేలు పెట్టి చూపించారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. మా అత్తగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ నవ్వారు. నేను కూడా నవ్వాను. రాయి కడగడం తప్పే. తెలీదండి అనడం ఇంకా పెద్ద తప్పు. కానీ నా మీద నాకు నిజంగా అసహ్యం వేసింది మాత్రం ఆ నవ్వుకే.

మర్నాడు రావులపాలెం నుంచి అమలాపురం బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చున్నారు. కొత్తపేట దాటాక ఇక ఉండబట్టలేక చెప్పాను. అత్తయ్యగారూ, ఆ రోజు నాకు తెలుసండి, తెలిసే కడిగేను అన్నాను.

ఆవిడ నా వైపు తిరగలేదు. "నువ్వు కడిగింది కడిగినట్టుందా ఏంటి? పసుపంతా గుంటల్లోనే ఉండిపోయింది. మర్నాడు నువ్వు కాలేజీకెళ్ళేక కుంకుడురసంలో వేసి కొబ్బరిపీచుతో తోమేను" అన్నారు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మరి నిన్న అంతమంది మిమ్మల్ని చూసి నవ్వుతుంటే ఎలా ఊరుకున్నారండీ, నిజం చెప్పెయ్యలేకపోయారా అన్నాను.

"నవ్వితే నవ్వేరు. నాకేమైనా పట్టా ఉందా అమ్మా, పోడానికి?"

రెండువేల ఏడులో ఆవిడ పోయారు. నేను పర్మనెంటయ్యాను, నా పేరు ముందు అక్షరం కూడా చేరింది. గైడుగారు రిటైరయ్యారు. ఇప్పటికీ ఎక్కడ సభ జరిగినా ఆ కథ చెప్పి నవ్విస్తారని విన్నాను. అందులో అమాయకపు ముసలావిడ ఒకరు, ఏమీ తెలియని కోడలు ఒకరు ఉంటారు. ఆయన నాకు చెయ్యవలసినదానికంటే ఎక్కువే చేశారు. అందుకే ఇది అచ్చయ్యాక మొదటి కాపీ ఆయనకే పంపుతున్నాను. సార్, ఆ రోజు తోటలో మీరు నన్నొక మాట అడిగారు. తెలుసండి.